కాగని డప్పు

కామారెడ్డిలో దివాకర్ పాటలు రికార్డు చేసే గది అగ్గిపెట్టెంత. 2013 వానాకాలంలో ఎల్లారెడ్డి నుంచి డప్పు ఎంకయ్యను పిలిపించి, "మైకు చూస్తున్న కాకా, ఒక్కొక్క దెబ్బ ఇడిచి ఇడిచి కొట్టు" అన్నాడు. పచ్చి అబద్ధం.

"ముసురు పట్టింది, మంట పెట్ట జాగ లేదు. కాగని డప్పు బిడ్డా, మెత్తగ మోగుతది, ఇది ఏ పాటల పెట్టకు" అన్నాడు ఎంకయ్య. అయినా అడిగినన్ని దెబ్బలు కొట్టి బస్సెక్కాడు.

ఆ దెబ్బలను దివాకర్ కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాంలో దాచాడు. పాట కట్టే ప్రోగ్రాం వేరే. రెండూ ఒకే డబ్బాలో ఉన్నా, తోడికోడళ్లలా ఒకదానితో ఒకటి మాట్లాడవు. మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని, ఏ మీట ఎప్పుడు నొక్కారో చెప్పే మిడి సందేశాలను రెంటి మధ్య మోసే చిన్న సాఫ్ట్‌వేర్ వేశాడు. కీబోర్డు మీద మీట నొక్కగానే ఇటు కబురు అటు పోయి ఎంకయ్య డప్పు మోగింది. ఇక ఎంకయ్యతో పనేముంది? ఎగిరి గంతేశాడు గానీ, ఆ రోజు అన్నం సయించలేదు.

పాపం కొంతైనా తగ్గుతుందని, ఆ దెబ్బలతో కట్టిన పాట సీడీ అట్ట మీద "డప్పు: ఎంకయ్య" అని వేయించాడు. అదే కొంప ముంచింది.

దసరా వెళ్లిన వారానికి ఎంకయ్య డప్పు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఊరంత నవ్వుతున్నరు బిడ్డా. కాపకుండనే కొట్టినవ్, ముసలోనివైనవ్ అంటున్నరు. మా అక్క మనుమని లగ్గానికి గూడ వేరేటోళ్లను మాట్లాడిండ్రు. నేను ఆ పాటకు ఎప్పుడు కొట్టిన?"

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి దివాకర్ మీట నొక్కాడు. డప్పు మోగింది. ఎంకయ్య తన చేతుల వంక చూసుకున్నాడు.

"తప్పయింది కాకా. నిన్ను పిలవకుండ నీ దెబ్బలు వాడుకున్న."

ఎంకయ్య బయటికి నడిచాడు. పోయాడనే అనుకున్నాడు దివాకర్. కాసేపటికి పొగ వాసన వచ్చింది. గది ముందు పాత పేపర్లు, అట్టముక్కలు అంటించి ముసలాయన డప్పు కాస్తున్నాడు. వేలితో మీటి చూశాడు. ఖంగుమంది. లోపలికి వచ్చి మైకు ముందు నిలబడ్డాడు.

"మళ్ల పట్టుకో. ఎట్లాగు నన్ను పిలవవు. నేను లేనిదగ్గరన్న నా డప్పు మంచిగ మోగాలె."

మైకు ఆన్ చేయడానికి దివాకర్‌కు చెయ్యి రాలేదు.