పదకొండో సాంచా కింది పిల్ల

మా ఆయన నాగయ్యకు పిల్లులంటే పడదు. నాకూ పడదు. నలభై ఏళ్ల కాపురంలో మేమిద్దరం గొడవ లేకుండా ఒప్పుకున్న సంగతి అదొక్కటే. అలాంటి మనిషి ఒకరోజు కార్ఖానా నుంచి వస్తూ చెమట తుడుచుకునే తువ్వాలలో పిల్లిపిల్లను చుట్టుకొచ్చాడు.

మేముండేది ముంబై పక్కన భివండిలో, కామత్‌ఘర్ గల్లీలో. ఆయన సాంచాలు బాగుచేసే మిస్త్రీ. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. పిల్ల పదకొండో సాంచా కింద, తెగిన నూలు కుప్పలో పడి ఉందట. తల్లి రెండు రోజులుగా జాడలేదట. కళ్లు పుసితో మూసుకుపోయి, ఒళ్లు చల్లబడి ఉంది. సేటు తీసి అవతల పారెయ్యమన్నాడట. అక్కడే మా ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. ఆయన చెయ్యి పెట్టిన సాంచా ఇంతవరకూ ఒక్కటీ పాత ఇనుము కొట్టుకు పోలేదు మరి.

నేను నూలు కండెలు చుడుతూ కూర్చున్నాను. ఉన్నది ఒక్క గది, అందులో మనుషులకే చోటు లేదని నోరు చేసుకున్నాను. కానీ మా కొడుకు కూతురు నేహ అప్పటికే దానికి గ్యారా అని పేరు పెట్టేసింది. హిందీలో గ్యారా అంటే పదకొండు; పదకొండో నంబరు కింద దొరికింది కదా, అందుకని. పేరు పెట్టాక ఇక పారెయ్యడం ఎక్కడిది? బర్రెపాలు వెచ్చబెట్టి చెంచాతో పోశాను. గంటకల్లా విరేచనాలు పట్టుకున్నాయి.

అంజూర్ ఫాటా దగ్గర పశువుల డాక్టరమ్మ ఉందంటే షేర్ ఆటోలో తీసుకుపోయాం. ఆమె నాకు గట్టిగానే చీవాట్లు పెట్టింది. చల్లబడ్డ పిల్లకు ముందు వెచ్చదనం ఇవ్వాలట, తిండి ఆ తర్వాతట. బర్రెపాలు అసలే పనికిరావట. తోలు కింద సెలైన్ ఎక్కించి, మందూ, పిల్లిపిల్లలకు పోసే పాలపొడీ ఇచ్చి, ఆశ సగం సగమే అంది. మూడు రోజుల్లో తనంతట తాను తింటే బతుకుతుంది, తినకపోతే చెప్పలేనంది.

ఇంటికి రాగానే నేహ ఆయన చెవి దగ్గర మూడుసార్లు అరిచి అడిగింది.

"తాతా, గ్యారా ఠీక్ అయితదా?"

"నా చేతికొచ్చినంక బంద్ వడ్డ సాంచా ఉన్నదా బిడ్డా?"

నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరమ్మ సగం అంటే ఈయన పిల్లదానికి పూర్తిగా మాటిచ్చేశాడు. రేపు అటూ ఇటూ అయితే నేహ మొహం ఎట్లా చూస్తాడు? అదే అరిచి చెప్పాను. ఆయన తలూపాడు. వినపడిందో లేదో దేవుడికే తెలియాలి. ముప్పై ఐదేళ్లు సాంచాల మోతలో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన వినేదంతా అరచేతితోనే. చెయ్యి సాంచా మీద ఆనించి బేరింగ్ పోయిందో, తిప్పే బెల్టు పట్టా వదులైందో చెప్పేస్తాడు. నా చెవులూ అంతంతమాత్రమే. మా గోడ అవతల పగలంతా సాంచాలే.

రెండు రోజులు వేడినీళ్ల సీసాను పాత చీరలో చుట్టి గ్యారాను దాని పక్కన పడుకోబెట్టాను. చుక్కల గొట్టంతో పాలు పోస్తే సగం లోపలికి పోయేవి, సగం నా చీర మీద పడేవి. తిడుతూనే పోశాను. మొదటి రోజు గోళ్లతో నా చెయ్యి గీరింది. రెండోరోజు గీరడానికి కూడా ఓపిక లేక ఊరికే పడుకుంది. అప్పుడు నిజంగా భయమేసింది. గీరవే తల్లీ అని బతిమాలుకున్నాను.

మూడోరోజు నేహ బడికి పోయాక మా ఆయన పిల్లను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వీపు మీద చెయ్యి ఆనించాడు. చెయ్యి అక్కడే ఉంచి నా వైపు తిరిగాడు.

"ఇగ అయిపోయినట్టే. లోపల బేరింగ్ కొట్టుకుంటున్నది."

నేనూ చెయ్యి పెట్టి చూశాను. నిజమే, ఒళ్లంతా సన్నగా అదురుతోంది. దీనికి ముందు జన్మలో పిల్లిని ముట్టుకున్నవాళ్లం కాదు, మాకేం తెలుసు? చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆటో ఎక్కాం. దారిలో ఆ అదురు ఆగింది. ఆయన వీపు నిమరగానే మళ్లీ మొదలైంది. పట్టా జారుతున్నదన్నాడు. నేను ఆ మూల నుంచి ఈ మూల దాకా ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

డాక్టరమ్మ గుండె చప్పుడు వినే గొట్టం పెట్టి విని ఫక్కున నవ్వింది. హాయిగా ఉంటే పిల్లి అట్లాగే గుర్రుమంటుందట. కాకపోతే నొప్పితో ఉన్నప్పుడూ ఒక్కోసారి అట్లాగే చేస్తుంది, తిండి పెట్టి చూద్దామంది. చిన్న పళ్లెంలో మెత్తటి తిండి ముందు పెట్టింది.

గ్యారా వాసన చూసి మొహం తిప్పుకుంది. మా ఆయన దాని వీపు మీద చెయ్యి వేశాడు. అది మళ్లీ తల వంచి ఒకసారి నాకింది. ఇంకోసారి నాకింది. తర్వాత ముందుకాళ్లు రెండూ పళ్లెంలోనే పెట్టేసి, మూతి అంతా పూసుకుంటూ తిన్నది. నేను ఏడ్చేశాను, సిగ్గుపడలేదు.

అప్పుడు డాక్టరమ్మ ఆ గొట్టం ఒక కొస గ్యారా ఒంటి మీద ఆనించి, రెండో కొస మా ఆయన చెవులకు పెట్టింది. ఆయన వంగి చాలాసేపు అట్లాగే నిలబడిపోయాడు. బయట మనుషులు ఎదురుచూస్తున్నా ఆమె తొందరపెట్టలేదు.

సాయంత్రం నేహ బడి సంచి దింపకుండానే ఆయన ముందుకొచ్చి నిలబడింది. మామూలుగా ఏ మాటైనా మూడుసార్లు అరిస్తే గానీ ఆయన జవాబు చెప్పడు. ఆ పొద్దు మాత్రం అది నోరు తెరవకముందే దాని చెయ్యి పట్టి గ్యారా పొట్ట మీద పెట్టాడు.

"ఇను బిడ్డా, నడుస్తున్నది."