బీడుకు పెట్టిన పరీక్ష

నేను మట్టి చదువుకున్నదాన్ని. పేరు ఫణిశ్రీ. మట్టి గురించి నాకు తెలియనిది లేదని కిందటి ఆషాఢం దాకా గట్టిగానే నమ్మాను.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళితే మూడు పక్కలా రొయ్యల చెరువులు, మధ్యలో ఎనిమిదెకరాల పశువుల బీడు ఉండేది. ఉప్పెక్కి చచ్చిన నేల, దాన్ని కూడా చెరువులకిచ్చేయండని కొందరు అర్జీ పెట్టుకున్నారు. నేల బతికుందో లేదో తేల్చమని అర్జీలు చూసే కమిటీవాళ్లు మా ల్యాబ్‌ను అడిగారు. బీడు పోతే ఆ పక్కనే ఉండే నాగదుర్గ మూడు గేదెలకూ మేత లేదు. ఆవిడకు ఉన్న ఆధారం ఆ గేదెలే.

నాలుగు చోట్ల గడ్డి మీద ప్లాస్టిక్ గుడారాలు వేసి లోపలికి గ్యాస్ వదిలాను. ఆవిడ నా వెనకే నిలబడి చూసింది.

"ఏంటండీ మేడం గారూ, గడ్డికి ఆవిరి పడుతున్నారా?"

"ఇందులో మామూలు కంటే కాస్త బరువైన కార్బన్ ఉందండి. గడ్డి దీన్ని పీల్చి చక్కెర చేసుకుంటుంది. కొంత వేళ్లలోంచి దింపి మట్టిలోని సూక్ష్మజీవులకు పెడుతుంది. బదులుగా అవి దానికి నత్రజని అందిస్తాయి. ఈ బరువు కార్బన్ వాటిలో కనబడితే నేల బతికున్నట్టే."

"అయితే తను తిని కిందవాళ్లకీ పెడుతుందన్నమాట. మా తోడికోడలి కంటే నయమేనండి" అని నవ్వింది.

ఫలితం చూసి ప్రాణం ఉసూరుమంది. కార్బన్ దాదాపు అంతా ఆకుల్లోనే ఉండిపోయింది, కిందికి దిగిందే లేదు. ఉప్పు చంపేసిందనుకున్నాను. అలాంటప్పుడు మట్టిలో నత్రజని ఎంతుందో కూడా చూడాలి. కమిటీ తొందరపెడుతోందని ఆ పరీక్ష మానేశాను. నేల పనిచేయడం లేదని రాసి సంతకం పెట్టాను.

పక్షం రోజులకు చెరువు తవ్వడానికి పొక్లెయిన్ దిగింది. అక్కడే వదిలేసిన నా గుడారాల చట్రాలు తెచ్చుకుందామని వెళ్లాను. నాగదుర్గ గట్టు మీద కూర్చుని ఉంది. గేదెలను అమ్మేసిందట. ఖాళీ పలుపుతాళ్లు ఒళ్లో పెట్టుకుంది.

"నా వల్లే పోయిందండి" అంది.

"మీరేం చేశారండీ?"

"మీరొస్తున్నారని వారం ముందే తెలిసింది కదండీ. పైనుంచి ఎవరొచ్చినా చేను పచ్చగా కనబడాలని మా నాన్నగారు అనేవారు. బీడంతా రెండు బస్తాల యూరియా చల్లానండి. సరిపోలేదు."

యూరియాతో నత్రజని ఊరికే దొరికాక గడ్డికి కిందవాళ్లతో పనేముంది? తిండి పెట్టడం తగ్గించేసి ఉంటుంది. ఆ నేల చచ్చి ఉండకపోవచ్చు, పస్తుండి ఉండొచ్చు. అక్కడి నుంచే కమిటీకి ఫోన్ చేశాను. "రిపోర్టు మీదే, సంతకం మీదేనండీ" అన్నారు మర్యాదగా. నా కళ్లెదుటే నాలుగో చోటు కూడా బకెట్‌లోకి లేచింది. మళ్లీ పరీక్ష చేయడానికి ఇక అక్కడ మట్టి లేదు.

"మూడో బస్తా కూడా చల్లుంటే నిలబడేది కదండీ?" అని అడిగింది.

"మీ తప్పేం లేదండి" అన్నాను. ఎవరిదో చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఒక్క బస్తా తక్కువైందనే ఆవిడ ఇంకా అనుకుంటోంది.