ఈసారి మా విమానం

లండన్ హీత్రూ విమానాశ్రయం పక్కనే హేస్‌లో ఇల్లు కొన్ననాటి నుంచి అది చుట్టాలకు సత్రమైపోయింది. ఏడేళ్లుగా వచ్చేపోయేవాళ్లకు వండిపెట్టి, విమానాలెక్కించి సుకన్యకు విసుగెత్తింది. ఈ ఆగస్టులో ఇటలీ దక్షిణ తీరానికి వెళ్లి తీరాలని పంతం పట్టింది. వీసాలొచ్చాయి, సముద్రం కనబడే గదీ దొరికింది.

అంతలో షెఫీల్డ్ నుంచి ఆడబిడ్డ జ్యోత్స్న ఫోన్ చేసింది. "వదినా, పదో తారీఖు సాయంత్రం మా హైదరాబాద్ ఫ్లైట్. ముందురోజే మీ ఇంటికొస్తం. ఎయిర్‌పోర్టుల దింపమని అన్నకు చెప్పు."

అదే పదో తారీఖు తెల్లవారుజామున వీళ్ల ఇటలీ ప్రయాణం. పక్కనే కూర్చుని విన్న భర్త రవీందర్ "టికెట్లు మార్పిద్దామా?" అని గొణిగాడు. సుకన్య అతనివైపు చూడనైనా చూడలేదు.

"తప్పకుండ రాండ్రి జ్యోత్స్నా. వంట మాత్రం నువ్వే చెయ్యాలె, నేను సూట్‌కేసులు సర్దుకోవాలె. పొద్దుగాల నాలుగింటికి మమ్మల్ని ఎయిర్‌పోర్టుల దింపేది మీ ఆయనే."