జత ఎలుక

"ఎలుకలకి ఎవరు పెట్టినా తింటాయి కదమ్మా, నూనెమ్మే పెట్టాలా?" అన్నాడు మా అబ్బాయి. వాడి చొక్కాకి ఊడిన గుండీ కుడుతున్నాను. అప్పటికే రెండుసార్లు వేలికి పొడుచుకున్నాను. ఆ మాట విన్నాక మూడోసారి పొడుచుకున్నాను.

నూనెమ్మ అంటే మా కోడలు. ఆహార పరిశోధనశాలలో ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు "ఏం ఉద్యోగమమ్మా నీది?" అని అడిగితే, దాపరికం లేని పిల్ల కాబట్టి "ఎలుకలకి నూనె తినిపిస్తానండీ" అంది. ఆ రోజు నుంచి మావాడు దాన్ని నూనెమ్మ అంటాడు. కోపం వస్తే 'నూనెమ్మగారూ' అంటాడు. మా ఆడపడుచు మాత్రం ఇప్పటికీ నాకు ఫోను చేసి, "నీ కోడలు ఎలుకల్ని సాకుతోంది గాని, ఇంట్లో ఉయ్యాల ఊసే లేదు" అంటూ ఉంటుంది. నేను వినపడనట్టు కూరగాయల ధరల్లోకి వెళ్ళిపోతాను.

విషయం ఏమిటంటే, మావాడికి పదోన్నతి వచ్చింది. దాంతో పాటు బదిలీ. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. వచ్చే నెలలో చేరాలి. అందరం కలిసి వెళ్దామంటాడు. కోడలు ఔననూ లేదు, కాదననూ లేదు. వారం రోజులుగా ఇంట్లో గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా మాట్లాడుతున్నాయి.

"నువ్వు చెప్పమ్మా. నీ మాట కాదనదు" అన్నాడు, గుండీ కుట్టిన చొక్కా తీసుకుంటూ.

కాదనదనే నా భయం. నాకు భయాలు ఎక్కువ. ఇంట్లోవాళ్ళు రావడం ఆలస్యమైతే గుమ్మం దగ్గర చెప్పులు చూసుకుంటూ కూర్చునే మనిషిని. ఎవరు సంచీ సర్దుతున్నా, తిరిగి ఎప్పుడొస్తారని రెండుసార్లు అడుగుతాను. పుట్టింటి నుంచి వచ్చిన నాడు మొదలుకొని, మావారి బదిలీల వెంట తిరిగిన ఊళ్ళన్నిటిలోనూ ఎవరో ఒకరిని వదిలి వచ్చాను. ఒకచోట పక్కింటి ఆవిడను, ఒకచోట నేను నాటిన నిమ్మ మొక్కను. అయిదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, పొట్లాల కాగితాలు చదివి చదివి పుస్తకాల దాకా వచ్చాను. ఏ ఊరు వెళ్ళినా ముందు గ్రంథాలయం ఎక్కడో కనుక్కునేదాన్ని. బదిలీ కాగితం వచ్చిన రోజున చేతిలో ఉన్న పుస్తకం సగంలో తిరిగి ఇచ్చేసేదాన్ని. ఎంతమంది కథానాయికలు నా లెక్కలో ఇప్పటికీ పెళ్ళి కాకుండా, ఉత్తరం చేరకుండా, వర్షంలో నిలబడి ఉన్నారో నాకే తెలియదు. ఇదంతా మావారికి చెప్పాలని ఎప్పుడూ అనిపించలేదు. ఆయన చెడ్డవారు కారు. "నువ్వు తిన్నావా?" అని రోజూ అడిగేవారు. చెయ్యి కడుక్కున్నాక అడిగేవారు.

ఆదివారం కోడలితో నేనూ బయలుదేరాను. సెలవు రోజు ఎలుకలకు సెలవు ఉండదు గనక అది వెళ్ళక తప్పదు. దారిలో మాటల్లో పెట్టి, నచ్చజెప్పి తీసుకురావాలని నా ఆలోచన. తీరా వెళ్ళాక దానికి ఊపిరి తిరగలేదు, నాకు మాట తిరగలేదు. నాకు తెల్లకోటు తొడిగి, కాళ్ళకు సంచులు కట్టి, మూతికి గుడ్డ తగిలించి, "అత్తయ్యా, మీరు పెద్దాసుపత్రి డాక్టరమ్మలా ఉన్నారు. ఎవరైనా చెయ్యి చాపితే నాడి చూసెయ్యండి" అని నవ్వింది.

పొడుగాటి గది. రంపపు పొట్టు వాసన, పిండి వాసన, వాటి కింద కొంచెం చేదుగా నూనె వాసన. వరసగా ఇనుప అరలు, అరల నిండా బోనులు, ఒక్కో బోనులో ఒక్కో తెల్లని ఎలుక. మేము లోపలికి రాగానే అన్నీ ముందుకు వచ్చి నిలబడ్డాయి. నన్ను చూసి కొన్ని వెనక్కి తగ్గాయి. కోడలు చెయ్యి పెడితే మాత్రం తామే ఎక్కి కూర్చున్నాయి.

"ఈ చెయ్యి మారిందనుకోండి, నాలుగు రోజులు సరిగా తినవు. బరువు పడిపోతుంది. అది నూనె వల్లో భయం వల్లో ఎలా చెప్తాం?" అంది. మావాడి ప్రశ్నకు జవాబు అడక్కుండానే దొరికింది.

ఏదో గింజ నుంచి కొత్తగా తీసిన నూనె అట. జనం వంటల్లోకి వెళ్ళేముందు దాన్ని ఎలుకల మేతలో కలిపి పెట్టి చూస్తున్నారు. కొద్ది రోజులు పెట్టి చూసి బాగానే ఉందనుకుంటే చాలదా అన్నాను. "చాలదు అత్తయ్యా. చిన్నతనంలో ఏం పెట్టినా తట్టుకుంటాయి. గుండె మీదో కాలేయం మీదో దెబ్బ పడితే ముసలితనంలోనే బయటపడుతుంది. రెండేళ్ళు పెట్టాలి. ఎలుకకి రెండేళ్ళంటే నిండు జీవితం" అంది, ఒకదాని వీపు బొటనవేలితో నిమురుతూ.

నేను ముసలిదాన్ని. చూపు కింది అరల వైపు తిప్పుకున్నాను.

కింది అరలో ఒక ఎలుక ఖాళీ గిన్నెను నాకుతోంది. నాకి, బోను ఊచలు పట్టుకుని నా వైపు చూసి, మళ్ళీ వెళ్ళి నాకింది. దాని పై బోనులోని ఎలుక ముందు గిన్నెలో సగం మేత మిగిలే ఉంది. నాకు ప్రాణం ఉసూరుమంది. దారిలో కళ్ళు తిరిగితే ఉంటుందని తెచ్చుకున్న రస్కు సంచీలో ఉంది. చిన్న ముక్క విరిచాను.

"అత్తయ్యా, చెయ్యి వెనక్కి తియ్యండి." గొంతు పెంచలేదు గాని, ఆ గొంతు నేనెప్పుడూ ఇంట్లో వినలేదు. వెంటనే నవ్వేసి, నా చేతిలో ముక్క తీసుకుని తన నోట్లో వేసుకుంది. "దానికి పెట్టకూడదు. అది జత ఎలుక."

"జత ఎలుక అంటే?"

"నూనె కాస్త చేదు కదా, పై ఎలుక తక్కువ తింటుంది. తక్కువ తిన్నది కాబట్టి చిక్కుతుంది. అప్పుడు తప్పు నూనెదా, తిండి తగ్గడానిదా? తేలాలంటే పక్కన ఇంకోటి కావాలి. దానికి మామూలు నూనే పెడతాం. కాకపోతే పైది ఇవాళ ఎంత తింటే, దీనికి రేపు సరిగ్గా అంతే. కింద రాలిన పొడి కూడా ఎత్తి తూచి పెడతా."

"దీనికి ఆకలేస్తే?"

"వేస్తుంది."

"ఇది ఏం చేసింది పాపం?"

"ఏం చెయ్యలేదు అత్తయ్యా. దీని ఆకలి లెక్కలోకి రాదు, అంతే."

కోడలు పక్క అరకు వెళ్ళిపోయింది. నేను ఆ బోను ముందు ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాను. మావారికి జ్వరం వస్తే ఇంట్లో జావ కాచేదాన్ని, నేనూ జావే తాగేదాన్ని. ఆయనకు ఉప్పు తగ్గించమంటే నా నాలుక మీదా ఉప్పు తగ్గింది. ఆయనకు సినిమా తలనొప్పి కాబట్టి నాకూ సినిమా లేదు. ఆయన ఏ ఊరు వెళ్తే నాకు ఆ ఊరు. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు, పస్తు పెట్టలేదు. పైబోనులో ఎంత తిన్నదో చూసి కిందిబోనులో అంత కొలిచి పెట్టారు, ఆ కొలిచిన చెయ్యి కూడా నాదే. ఆయన పోయాక మా అబ్బాయి పక్కకు వచ్చాను, వాడి వేళలు నా వేళలయ్యాయి. వాడు పొద్దున టీ మానేశాడని నేనూ మానేశాను. వాడు మళ్ళీ మొదలుపెట్టాడు, నేను మొదలుపెట్టలేదు. ఎందుకని నన్ను ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

కోడలు చేతులు కడుక్కుని వచ్చింది. "చివరికి వీటిని ఏం చేస్తారు?" అన్నాను. తెలిసే అడిగాను.

"చంపి లోపల చూస్తాం." తుండుతో చేతులు తుడుచుకుంది. "బాధగానే ఉంటుంది అత్తయ్యా. అందుకే చివరిదాకా నేనే ఉండాలి. మధ్యలో వదిలేస్తే ఇవన్నీ ఊరికే బతికి ఊరికే చచ్చినట్టు. వచ్చే చలికాలానికి అయిపోతుంది. ఆయనకి ఎలా చెప్పాలో తెలీక వారం నుంచి గిన్నెల మీద తీర్చుకుంటున్నా."

"నేను చెప్తాలే" అన్నాను. నచ్చజెప్పడానికి వచ్చినదాన్ని, నచ్చజెప్పించుకుని ఇంటికి వెళ్ళాను.

భోజనాల దగ్గర చెప్పాను, కోడలు పని పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంటుందని. మావాడు ముద్ద చేతిలో పట్టుకుని మా ఇద్దరినీ చూశాడు. "వకీలుని పంపిస్తే అవతలి పార్టీలో చేరిపోయిందన్నమాట" అన్నాడు. కోడలు నవ్వలేదు. వాడే కాసేపటికి తగ్గి, "అంటే నాకంటే ఎలుకలు ఎక్కువా నూనెమ్మగారూ?" అన్నాడు.

"మీరు చెయ్యి మారినా తింటారు. అవి తినవు" అంది.

వాడికి నవ్వు వచ్చింది. కోపంలో ఉన్నప్పుడు నవ్వొస్తే వాడు ఓడిపోయినట్టే, చిన్నప్పటి నుంచీ అంతే. "సరే, చలికాలం దాకా. ఆ తర్వాత రావాలి" అన్నాడు. కోడలి ముఖం తేటపడింది. ఆ సంతోషంలో, ప్రేమగా, నా పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేస్తూ అంది:

"మీకేం ఇబ్బంది ఉండదులెండి. అత్తయ్య మీతో వస్తారుగా. వంటా ఇల్లూ అన్నీ చూసుకుంటారు."

"అంతేలే. అమ్మ ఉంటే చాలు" అన్నాడు వాడు.

ఇద్దరూ ఎంతో తేలికపడ్డారు. టికెట్ల మాట కూడా మొదలైంది. నాకు కింది బెర్తు దొరకాలట. నా పళ్ళెంలో కూర చూస్తూ కూర్చున్నాను. వాడు వెళ్ళిన చోట గ్యాసు కట్టడం మరిచిపోతాడని, రాత్రిళ్ళు తలుపు గడియ వెయ్యడని, దగ్గు వస్తే ఎవరికీ చెప్పడని నా భయాలన్నీ ఒక్కసారే లేచి నిలబడ్డాయి. వెళ్తానని అనడం ఎంత సులువో. నోరు తెరవకపోతే చాలు, వెళ్ళినట్టే. ఇక్కడే ఉండి కోడలికి తోడుంటానన్నా అందరూ ఒప్పుకుంటారు. అదీ మరొకరి గిన్నెలోంచి కొలిచిన మేతే.

"నేను రాను" అన్నాను.

టికెట్ల మాట ఆగింది. "ఒంట్లో బాలేదా అమ్మా?" అన్నాడు వాడు.

"బాగానే ఉంది."

"నా కోసం ఉండక్కర్లేదు అత్తయ్యా, నేను ఒక్కదాన్నీ ఉండగలను" అంది కోడలు, కంగారుగా.

"నీ కోసం కాదమ్మా. నాకు ఈ ఊళ్ళో ఉండాలనుంది."

మా అబ్బాయి నా వైపు తిరిగాడు. వాడి కళ్ళల్లో కోపం లేదు, కొత్త మనిషిని చూసే మొహమాటం ఉంది. "నీకు ఇలా ఒకటి కావాలని ఉంటుందని ఎప్పుడూ చెప్పలేదేమ్మా?" అన్నాడు.

"నాకూ ఇవాళే తెలిసిందిరా" అన్నాను.