తనంతట తనే మూసుకునే గేటు

ఇరవై తొమ్మిదేళ్ళు సైకిల్ మీద ఉత్తరాలు పంచి రిటైరైన మనిషికి కాళ్ళు ఊరుకోవు. అందరూ పోస్టమ్మ అని పిలిచే ఆవిడ పరిస్థితీ అంతే. మొదటి నెలలో ఇంట్లో అలమరలన్నీ సర్దేసింది. రెండో నెలలో సర్దినవే మళ్ళీ సర్దింది. మూడో నెలలో సైకిల్ దారుల ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మాయి వెతుక్కుంటూ వస్తే, ఆవిడ భర్త తన వడ్రంగి పని ఆపి, రంపం పక్కన పెట్టి మరీ ఎదురెళ్ళాడు.

"రామ్మా, రా. ఈవిణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్ళు. నీకు పుణ్యముంటుంది."

ఆ అమ్మాయి బల్ల మీద మ్యాపు పరిచింది. రైళ్ళు ఆగిపోయి పట్టాలు పీకేసిన పాత రైలుకట్ట, దాని తరవాత తోటల మధ్య బండిబాట, ఆపైన కాలవ గట్టు. మొత్తం నలభై రెండు కిలోమీటర్లు. పిల్లలూ పెద్దలూ బళ్ళ భయం లేకుండా పల్లెల మధ్య సైకిళ్ళ మీద తిరిగే దారి ఒకటి ఉండాలని ఆఫీసు వాళ్ళ ఆలోచన. మ్యాపు నిండా ఆకుపచ్చ గీత. ఒక్కచోట మాత్రం గోరంత ఎర్ర గీత.

"ఇదేంటమ్మా?"

"అక్కడ రెండున్నర కిలోమీటర్లు మెయిన్ రోడ్డెక్కాలి పిన్నిగారూ. వేరే దారి దొరకలేదు. రోడ్డు పక్కన తెల్లగీత గీసి సైకిళ్ళకి వదిలేద్దామనుకుంటున్నాం."

"క్వారీ లారీలు తిరిగే రోడ్డు కదూ?"

"అదే."

"నీ తెల్లగీతని చూసి లారీ భయపడుతుందా?"

ఆ అమ్మాయి నవ్వింది. పోస్టమ్మ నవ్వలేదు. ఒకసారి ఆ రోడ్డు మీదే లారీ విసురు గాలికి ఉత్తరాల సంచీతో సహా గుంటలో పడింది ఆవిడ. తడిసిన ఉత్తరాలన్నీ దండెం మీద ఆరేసుకుని, మర్నాడు ఇంటింటికీ వెళ్ళి క్షమించమని అడిగి ఇచ్చి వచ్చింది.

"నలభై కిలోమీటర్లు హాయిగా తిప్పి, రెండున్నర దగ్గర ప్రాణాలు అరచేతిలో పెట్టుకోమంటావా? కుండెడు పాలు విరగడానికి ఒక్క ఉప్పురాయి చాలమ్మా. దారుంది. పాలావిడ పొలంలోంచి పాత బండిబాట ఉంది."

"తెలుసండీ. మూడు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు. నేనే వెళ్తే గేటుకున్న బోర్డు చూపించి పంపేశారు."

"నేను వెళ్తాను" అంది పోస్టమ్మ, పక్కింటికి వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా.

పాలావిడకి పద్దెనిమిది ఆవులు, వాటిలో సగం ఆవులకున్నంత పొగరూ ఉందని ఊళ్ళో అనుకునేవారు. గేటుకి గొలుసు, గొలుసుకి రెండు తాళాలు, పైన పెద్ద అక్షరాలతో బోర్డు: 'దారి లేదు. అడగవద్దు.' పోస్టమ్మ సైకిల్ దిగేసరికి ఆవిడ చేతిలో పారతో వచ్చింది.

"ఏం, బోర్డు కనపళ్ళేదా? చదువు రానిదానివి కాదుగా!"

"ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళ కోడిగీతలన్నీ చదివినదాన్ని వదినా. నీ రాత ముత్యాలే. దారి అడగడానికి రాలేదు. ఎందుకు మూసేశావో చెప్తావేమోనని వచ్చాను."

పాలావిడ చేతిలోని పార కంచెకి ఆనించింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఉత్తరాల్లో కూడా తెరవమన్నారే తప్ప, ఎందుకు మూశారని రాయలేదు.

"రెండేళ్ళ కిందట" అని మొదలుపెట్టింది. "ఎవరో నడుచుకుంటూ వెళ్ళారు. గేటు బార్లా తెరిచి వదిలేశారు. నా తొలిచూలు పెయ్య రోడ్డెక్కింది. లారీవాడు బ్రేకైనా వెయ్యలేదు. ఇంకో నెలలో ఈనేది."

పోస్టమ్మ ఆవిడ పక్కనే గేటుకి ఆనుకుని నిలబడింది. తరవాత ఆ గేటుని ఎత్తి చూసింది. చెక్క నానిపోయి, బందులు జారి, కింది కొన నేలలో దిగబడి ఉంది. రెండు చేతులూ పెట్టి, నడుముతో తోస్తే గానీ కదల్లేదు.

"దీన్ని మూసినవాడికి శాలువా కప్పాలి వదినా."

"అంటే తప్పు నాదా?" పాలావిడ గొంతు లేచింది.

"తెరిచి వదిలేసినవాళ్ళదే, కాదన్ను. కానీ మనిషి జ్ఞాపకాన్ని నమ్ముకుని గేటు పెట్టుకోకూడదు. వాడు మర్చిపోయినా మూసుకునేది పెట్టుకోవాలి."

"అలాంటిది ఉందా ఎక్కడైనా?"

"ఉంటుంది. పదిహేను రోజుల్లో తెస్తాను."

అన్నదే గానీ, ఇంటికొస్తూ సగం దారిలో గుర్తొచ్చింది, ఆ తెచ్చేది తను కాదు, తన మొగుడని. ఆయన విషయమంతా విని తలపట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఊరి ఉత్తరాలు నువ్వు మోశావు. ఇప్పుడు ఊరి గేట్లు నేను మొయ్యాలా?"

"చేతకాదంటే చెప్పు. ఇంకొకర్ని చూస్తాను."

అంతే. చేతకాదన్న మాట పడని మనిషి ఆయన. చెవి మీది పెన్సిల్ తీసి చెక్క మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. కిటుకంతా బందుల్లో ఉంది. పైబందుని కింది బందు కంటే కాస్త పక్కకి బిగిస్తే, తెరిచేటప్పుడు గేటు కొన కొంచెం పైకి లేస్తుంది. వదిలేస్తే తన బరువుకి తనే దిగి వచ్చి గడియలో పడుతుంది. స్ప్రింగులూ మోటార్లూ అక్కర్లేదు. పద్నాలుగో రోజున అద్దెకి తెచ్చిన ట్రాలీ మీద గేటుని తీసుకెళ్ళి బిగించాడు.

పాలావిడ దాన్ని పదిసార్లు తెరిచి వదిలింది. పదిసార్లూ అది మెల్లగా వచ్చి 'టక్'మని మూసుకుంది. పదకొండోసారి దాని మీద అనుమానం చంపుకోలేక వీపు తిప్పి నాలుగడుగులు నడిచి, చటుక్కున వెనక్కి చూసింది. మూసే ఉంది.

"పది రోజులు చూస్తాను" అంది. "ఆవులు ఇటే తిరుగుతాయి. ఒక్కటి బయటికెళ్ళినా మళ్ళీ గొలుసే."

మూడో రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. "పోస్టమ్మా, మీ ఆయన గేటుని మా మేస్త్రి తెరిచింది."

మేస్త్రి ఒక ముసలావు. దొడ్లో ఏ మేకు కొట్టినా వచ్చి వాసన చూసి పోతుంది కాబట్టి ఆ పేరు. నాలుకతో గడియని పైకెత్తి, తలతో గేటు తోసుకుని దర్జాగా వెళ్ళి, బాట మీద గడ్డి మేస్తూ దొరికింది. అదృష్టం బాగుండి రోడ్డు దాకా పోలేదు కాబట్టి, పాలావిడ ఇంకొక్క అవకాశం ఇచ్చింది.

"ఆవు చేతిలో ఓడిపోయానన్నమాట" అన్నాడు వడ్రంగి, మొహం మాడ్చుకుని.

"చేతిలో కాదు, నాలుకతో" అంది పోస్టమ్మ. కానీ ఆవిడకి తెలుసు, ఇంకో పశువు పోతే పాలావిడ ముందు తను జన్మలో నిలబడలేదని.

ఆ రోజు సగం పూట వడ్రంగి గేటు పక్కన స్టూలు వేసుకుని మేస్త్రినే చూస్తూ కూర్చున్నాడు. అది ఎత్తగలదు, తొయ్యగలదు. కిందికి నొక్కడం, తనవైపు లాగడం మాత్రం దానికి చేతకాదు. సాయంత్రానికి గడియ మార్చాడు. చెక్కమీటని కిందికి నొక్కి పట్టుకునే లాగాలి. మనిషికి ఒక్క చెయ్యి చాలు. సైకిల్ దిగకుండానే తియ్యొచ్చు. మేస్త్రి వచ్చి నాకింది, ఎత్తింది, తోసింది, ఒక నిట్టూర్పు విడిచి వెళ్ళిపోయింది. మిగిలిన వారం రోజులూ ప్రయత్నించింది గానీ పప్పులుడకలేదు.

పదో రోజున పాలావిడే గేటు పక్కన వేలాడుతున్న గొలుసు తీసి కొట్టంలో పడేసింది. బోర్డు వెనకవైపు తిప్పి కొత్తగా రాసింది: 'గేటు తనే మూసుకుంటుంది. నిలబడి చూడక్కర్లేదు.' దారి మొదలైన రోజున అరవై మంది వచ్చారు. వాళ్ళలో ఒక్కరు కూడా బోర్డు మాట వినలేదు. అందరూ ఆగి, గేటు మూసుకునేదాకా చూసే కదిలారు. ముందు పోస్టమ్మ, చివర ఇంజనీరమ్మాయి. తాతతో వచ్చిన ఒక ఏడేళ్ళ పిల్ల బాట మధ్యలో అడ్డదిడ్డంగా తొక్కుతుంటే ఎవరూ పక్కకి రమ్మని కేకెయ్యలేదు. అలా తొక్కడానికే ఆ దారి. లారీల మోత చెట్ల అవతల ఎక్కడో వినిపించి ఆగిపోయింది. పోస్టమ్మ తొక్కుడు ఆపకుండానే వెనక్కి తిరిగి ఆ వరసంతా ఒకసారి చూసుకుంది. ఆ రోజు మ్యాపు ముందు తను ఒప్పుకున్నది చేతకాని పనేం కాదు, అనుకుంది.

రెండు వారాలయ్యాక ఒక బుధవారం ఆవిడ గేటు దగ్గర ఆగితే, పాలావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇంతమంది పోతున్నారు గదా, అటు ఏముంది?"

"అదేంటి వదినా, నీ పొలంలో బాటేగా!"

"బాట నాదే. అవతలికి పోయిందెప్పుడు? పెళ్ళై వచ్చిన కొత్తలో ఒకసారి కాలవ దాకా వెళ్ళాను. తరవాత పొద్దున పాలు, సాయంత్రం పాలు."

"పొద్దున ఎన్నింటికి అయిపోతుంది?"

"ఏడున్నరకి. మళ్ళీ నాలుగింటికి."

"మధ్యలో ఎనిమిదిన్నర గంటలుంది. కాలవకి వెళ్ళి రావడానికి రెండు చాలు. సైకిల్ తొక్కడం వచ్చా?"

"చిన్నప్పుడు మా అన్నయ్యది దొంగతనంగా తొక్కేదాన్ని."

"వచ్చినట్టే. దొంగతనంగా నేర్చుకున్నది మర్చిపోరు."

మర్నాడు పోస్టమ్మ తన భర్త సైకిల్ తెచ్చి ఇచ్చింది. పాలావిడ మొదట కంచె పట్టుకుని, తరవాత పోస్టమ్మ భుజం పట్టుకుని, తరవాత ఏదీ పట్టుకోకుండా తొక్కింది. రెండుసార్లు గడ్డిలోకి పోయింది. "నవ్వావంటే ఊరుకోను" అంది. పోస్టమ్మ నవ్వింది. ఆవిడ కూడా ఊరుకోకుండా నవ్వింది. కాలవ గట్టెక్కాక ఇద్దరూ దిగి కూర్చున్నారు. నీళ్ళు నిండుగా పోతున్నాయి. పాలావిడ చాలాసేపయ్యాక చేతిగడియారం చూసుకుంది.

"ఇంకా పదిన్నరే. ఆ మలుపు దాటితే ఏముంది?"

"పాత రైలు వంతెన."

"ఆ తరవాత?"

"వెళ్దాం పద. చెప్తే ఏం బావుంటుంది?"

వంతెన దాటి, ఇంకో ఊరి దాకా వెళ్ళి, నాలుగింటికి పది నిమిషాలుందనగా తిరిగొచ్చారు. పాలావిడకి ఒళ్ళంతా పులిసిపోయి, ఆ సాయంత్రం పాలు పితకడానికి కూర్చుంటే లేవడం కష్టమైంది. అయినా వచ్చే బుధవారానికి ఆవిడ గేటు బయట తయారుగా ఉంది. పక్కన ఎవరి దగ్గరో కొన్న నీలం రంగు పాత సైకిల్.

"ఈసారి నేను ముందు" అంది పాలావిడ, పెడల్ మీద కాలేస్తూ. "నువ్వు వెనక రా."