చుట్టాలింటికి పోయిన ఊరు

దీపావళి వెళ్ళిన వారానికి ఎర్రచేడులో తలుపులకు బీగాలు పడటం మొదలవుతుంది. వేరుశనగ ఎండిపోయి ఉంటుంది, లేదా పత్తి కాయ కట్టి ఉండదు, ఏదో ఒకటి అయ్యే ఉంటుంది. జొన్నల మూట, వంట గిన్నెలు, చాపలు, గుడిసె మీద కప్పే ప్లాస్టిక్ పట్ట, ఒక్కోసారి కోళ్ళ గంపతో సహా లారీ ఎక్కి జనం గుంటూరు పక్కకు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని ఎర్రచేడు జనం సుగ్గి అంటారు. సుగ్గికి పోయినవాళ్ళు ఉగాదికి తిరిగొస్తారు. తాతల నాటి నుంచి ఇదే వరస.

పోయేముందు బీగానికి చెప్పి పోవడం కూడా తాతల నాటిదే. తాళంచెవి తిప్పుతూ, ఎక్కడికి పోతున్నదీ ఎప్పుడొచ్చేదీ బీగం దగ్గర నోరు పెట్టి చెబుతారు. తర్వాత ఎవరైనా వచ్చి ఆ బీగం మీద చెయ్యి వేస్తే, అది చెప్పినవాళ్ళ గొంతుతోనే జవాబిస్తుంది. "సుగ్గికి పోతాండాము, ఉగాదికొస్తాము, ఎనుము పక్కింటి రంగన్న కాడ ఉండాది" అని. పోస్టుమ్యాన్ విని ఉత్తరం వెనక్కి తీసుకుపోతాడు. టీకాలు వేసే నర్సమ్మ విని పుస్తకంలో రాసుకుంటుంది. ఆదోనిలో కొన్న బీగమైనా, ఆలూరు సంతలో కొన్నదైనా ఎర్రచేడు తలుపుకు పడితే మాట్లాడుతుంది. తిరిగొచ్చినప్పుడు మాత్రం ఒక పట్టింపు ఉంది. చెప్పిన మనిషే, చెప్పిన మాటే మళ్ళీ చెప్పాలి. అప్పుడుగానీ తెరుచుకోదు. తుప్పు పడితే కొబ్బరినూనె వేయొచ్చు. మాట మరిచిపోతే మాత్రం గుర్తొచ్చేదాకా అరుగు మీద కూర్చోవలసిందే.

రంగనాథ్ ఆ ఊరి సచివాలయంలో ఉద్యోగి. ఆ ఊరివాడే. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అక్క నాగలత పెంచింది. అక్క సుగ్గికి పోయే నెలల్లో అతను బడిలోని హాస్టల్లో ఉండేవాడు. హాస్టల్ అంటే పెద్దదేమీ కాదు. సుగ్గికి పోయినవాళ్ళ పిల్లల కోసం బడిలోనే రెండు గదులు, ఒక వంటామె, వరసగా పరిచిన చాపలు. ఆ రెండు గదులు లేకపోతే రంగనాథ్ కూడా మిరపచేలో పెరిగి ఉండేవాడు. వాటి పుణ్యాన తెలుగులో ఎం.ఏ. దాకా చదివాడు. మాటలంటే అతనికి మోజు. అర్జీ రాస్తే పెద్ద ఆఫీసుల్లో కూడా మెచ్చుకునేవాళ్ళు. ఆ మోజే కొంప ముంచింది.

ఆ మండలంలో పెద్ద నాయకుడు శేషన్న. మరీ చెడ్డవాడని అనలేం. పిలిస్తే పెళ్ళికి వస్తాడు, పిలవకపోయినా చావుకు వస్తాడు. మూడేళ్ళ కిందట ఆయనకు "వలసలు లేని మండలం" అని రోడ్డు మీద బోర్డు పెట్టించాలని బుద్ధి పుట్టింది. వలసలు లేకుండా చేయాలంటే నీళ్ళు కావాలి, ఊర్లో పని కావాలి. అవి ఇప్పట్లో అయ్యేవి కావు గనుక ముందు సుగ్గి అనే మాటను తీసేద్దామనుకున్నాడు. కాగితాల్లో తీసేయడం ఒక పూట పని. బీగాల దగ్గరే చిక్కొచ్చి పడింది. ఎవరు చెయ్యి వేసినా అవి సుగ్గి, సుగ్గి అని చెబుతున్నాయి.

శేషన్న రంగనాథ్‌ను ఇంటికి పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పించాడు.

"ఏమప్పా, ఎమ్మే చదివినోనివి. జనం నోటికి పట్టే మాట ఒగటి చెప్పు. అబద్ధం మాదిరి ఉండగూడదు" అన్నాడు.

రంగనాథ్ పెద్దగా ఆలోచించను కూడా లేదు. "చుట్టాలింటికి పోతాండామని చెప్పమందాం అన్నా. చుట్టాలింటికి పోతే తప్పని ఎవురంటారు?" అన్నాడు.

శేషన్న నవ్వి అతని భుజం తట్టాడు. ఆ తట్టినందుకు రంగనాథ్ చాలా రోజులు మురిసిపోయాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తే, ఎవరూ లేని చోట కూడా అతను తల వంచుకుంటాడు.

ఆ ఏడు రంగనాథే ఇంటింటికీ తిరిగి ఆ మాట నేర్పాడు. సుగ్గి అంటే ఏమవుతుందని అడిగినవాళ్ళతో, రేషన్ కార్డుకు ఇబ్బంది రావచ్చని అన్నాడు. అది శేషన్న చెప్పమన్నది కాదు. అతను సొంతంగా కల్పించింది. జనం భయపడి, నేర్పినట్టే చెప్పి లారీలెక్కారు.

ఉగాదికి ముసలాయన అయ్యన్న అందరికంటే ముందు తిరిగొచ్చాడు. మిరపకాయల మంటకు వేళ్ళు వాచిపోయి, తాళంచెవి పట్టుకోవడమే కష్టంగా ఉంది. "సుగ్గికి పోతాండాము" అన్నాడు. బీగం కదల్లేదు. పాత అలవాటుగా మళ్ళీ అదే అన్నాడు. చివరికి రంగనాథ్ పరిగెత్తుకెళ్ళి చెవిలో చెప్పాక, "ఓ, అదా" అని "చుట్టాలింటికి పోతాండాము" అన్నాడు. తలుపు తెరుచుకుంది.

రెండో ఏడు ఎవరికీ గుర్తు చేయనక్కర్లేకపోయింది. ఈసారి చుట్టాలు బాగా చూసుకున్నారా అని టీ కొట్టు దగ్గర ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవాళ్ళు. మూడో ఏడు కూడా అదే అడిగారు గానీ ఎవరూ నవ్వలేదు. నడుము పట్టేసి అయ్యన్న ఆసుపత్రికి పోతే, ఏం పని చేశావని డాక్టరు అడిగింది. పనేమీ చేయలేదు తల్లీ, చుట్టాలింట్లో ఉండి వచ్చినాను అన్నాడు. అబద్ధమాడుతున్నానని ఆయన అనుకోలేదు. అంతకుముందు ఉగాదికి తిరిగొచ్చినవాళ్ళు సచివాలయం ముందు కూర్చుని, కూలి డబ్బుల్లో మేస్త్రీ చేసిన మోసం గురించి, పట్ట కింద పాము కరిచిన పిల్ల గురించి, ఊర్లో పని పెట్టించని నాయకుల గురించి గట్టిగా అరిచేవాళ్ళు. అరిచి అర్జీలు రాయించుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. చుట్టాలింటి మీద ఎవరు మాత్రం అర్జీ పెడతారు? రంగనాథ్‌కు పని తగ్గింది. తగ్గినందుకు మొదట్లో సంతోషించాడు కూడా.

రోడ్డు మీద బోర్డు లేచింది. వలసలే లేనప్పుడు సుగ్గి పిల్లల హాస్టల్ ఎందుకని, ఆ మూడో ఏడు దసరా తర్వాత దాన్ని మూసేశారు. వంటామెను మానిపించారు. రెండు గదుల్లో విరిగిన బెంచీలు పడేశారు.

దీపావళి ముందురోజు నాగలత తమ్ముడి ఇంటికి వచ్చింది. వేడి వేడి జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకొచ్చింది. ఆమె భర్త వీరభద్ర లోపలికి రాకుండా బయటే నిలబడ్డాడు. అడగవలసి వచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ బయటే నిలబడతాడు. వాళ్ళ కూతురు అంజలి ఏడో తరగతి. లెక్కల్లో బడికంతా మొదటిది. వీరభద్రకు నా అన్నవాళ్ళు లేరు. నాగలతకు ఉన్నది ఈ తమ్ముడొక్కడే.

"రంగా, హాస్టలు లేదంట గదా. పిల్ల నీ కాడ ఉంటాది. రొట్టెలు చేసేది వచ్చు దానికి. నీకింత చేసి పెట్టి బడికి పోతాది" అంది నాగలత.

అలాగే అక్కా అనే మాట అతని నోటి దాకా వచ్చింది. కానీ ఆ పొద్దునే శేషన్న కబురు పెట్టాడు. సంక్రాంతి వెళ్ళాక విజయవాడ నుంచి పెద్ద ఆఫీసరు ఊరు చూడటానికి వస్తుందట. ఒక్క పిల్ల కూడా ఊర్లో మిగలకూడదట, అమ్మానాన్నలు ఎక్కడని అడిగితే పిల్లలు దాచలేరట. పైగా రంగనాథ్ ఉద్యోగం పర్మినెంట్ కావడానికి శేషన్న చెప్పవలసిన మాట ఒకటి మిగిలి ఉంది.

"ఈ ఒక్క తూరికి ఎంటబెట్టుకొని పో అక్కా. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

నాగలత సరేలే అని లేచింది. రొట్టెలు మాత్రం అక్కడే పెట్టి పోయింది. రంగనాథ్ ఆ మధ్యాహ్నం వాటిని తిన్నాడు. వెల్లుల్లి కారం కూడా వేసుకుని తిన్నాడు. ఆ కారం రుచి గుర్తొస్తే ఇప్పటికీ అతనికి సిగ్గేస్తుంది.

లారీ బయలుదేరే రోజు పొద్దున అంజలి బీగం తనే వేస్తానని పట్టుబట్టింది. పుస్తకాలు లోపలే పెట్టానని, అక్కడ పట్ట కింద తడుస్తాయని తల్లితో చెప్పింది. రంగనాథ్ లారీ దగ్గర నిలబడి, ఎక్కినవాళ్ళ పేర్లకు టిక్కులు పెడుతున్నాడు. అంజలి బీగానికి నోరు ఆనించి చాలాసేపే చెప్పింది. నేర్పినదంతా తప్పు లేకుండా చెబుతోందిలే అనుకున్నాడతను. పిల్ల వచ్చి, అతని వైపు చూడకుండా లారీ ఎక్కి మూటల మధ్య కూర్చుంది.

సంక్రాంతి దాటాక జీపులో ఆఫీసరు మేడమ్ వచ్చింది. పక్కన శేషన్న, వెనక ఫైలు పట్టుకుని రంగనాథ్. మేడమ్ ఒక్కో తలుపు దగ్గర ఆగి బీగం మీద అరచెయ్యి పెట్టింది. చుట్టాలింటికి పోతాండాము, ఉగాదికొస్తాము అని ఒక్కో బీగం ఒక్కో గొంతుతో చెప్పింది. పంతొమ్మిది ఇళ్ళు అయ్యేసరికి ఆమె ఆగింది. ఊరంతా ఒకేసారి చుట్టాలింటికి పోయారేమిటని అడిగింది. పెండ్లిండ్ల కాలం గదా మేడమ్ అన్నాడు శేషన్న. పుష్యమాసంలోనా అని అడిగి ఆమె ముందుకు నడిచింది.

తర్వాతిది నాగలత ఇల్లు. ఎందుకో రంగనాథ్ ఆమె కంటే ముందు నడిచాడు.

"ఇది మా అక్క ఇల్లే మేడమ్. చూడాల్సిన పని లేదు" అన్నాడు.

అనకుండా ఉంటే ఆమె దాటిపోయేదేమో. అన్నందుకే ఆగి, బీగం మీద చెయ్యి పెట్టింది. బీగం అంజలి గొంతుతో మాట్లాడింది.

"చుట్టాలింటికి పోతాండామని చెప్పమన్నాడు మా మామ. మాకుండే చుట్టం ఆయనొగడే. ఆయన ఈడనే ఉండాడు గదా."

మేడమ్ చెయ్యి తీయలేదు. బీగం ఇంకోసారి అదే చెప్పింది. ఆ గొంతులో కోపం లేదు. లెక్క ఎక్కడ తప్పిందో తెలియక అయ్యవారిని అడుగుతున్నట్టు ఉంది. చిన్నపిల్ల మాటలు మేడమ్, పదండి, ఎండెక్కుతోంది అన్నాడు శేషన్న.

"ఎవరీ మామ?" అని అడిగింది ఆమె.

రంగనాథ్ ఎం.ఏ.లో నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ సాయానికి రాలేదు. బీగం మూడోసారి మొదలుపెట్టింది.

"నేనే మేడమ్" అన్నాడు.

"మరి వీళ్ళంతా ఎక్కడికి పోయారు?"

మూడేళ్ళుగా పలకని మాట. "సుగ్గికి. అందరూ సుగ్గికే పోయినారు మేడమ్. అట్ల చెప్పమని నేర్పినోన్ని నేనే" అన్నాడు.

దాన్ని ధైర్యం అనడానికి లేదు. ఆ గొంతును ఇంకోసారి వినలేక చెప్పాడు, అంతే. మేడమ్ ఫైలు తీసుకుని, అక్కడే అరుగు మీద కూర్చుని చాలాసేపు రాసింది.

పదిరోజులకు హాస్టల్ మళ్ళీ తెరవమని కాగితం వచ్చింది. విరిగిన బెంచీలు బయటికి పోయి, వంటామె లోపలికి వచ్చింది. ఆ చేత్తోనే రంగనాథ్‌ను ఉద్యోగం నుంచి పక్కన పెడుతూ ఇంకో కాగితం వచ్చింది. సంజాయిషీ రాసుకోమన్నారు. అతను రాయలేదు. శేషన్న ఎదురుపడినా అతన్ని పలకరించడం మానేశాడు. బోర్డు మాత్రం ఇంకా అక్కడే ఉంది, దించడానికి నిచ్చెన దొరకలేదంటున్నారు.

పిల్లను తీసుకురావడానికి రంగనాథే బయలుదేరాడు. ఇంటికి బీగం పెట్టి తాళంచెవి చేతిలో పట్టుకున్నాడు. మూడేళ్ళలో ఆ ఊరి నుంచి నిజంగా చుట్టాలింటికి పోతున్నది అతనొక్కడే. అయినా ఆ మాట నోట్లోంచి రాలేదు. ఇంకే మాట చెప్పినా అబద్ధమే అవుతుంది. తలుపు ఊరికే దగ్గరికి వేసి, బీగం జేబులో వేసుకుని బస్టాండుకు నడిచాడు.

మిరపచేను గట్టున, పట్ట కింద నాగలత అతనికి నీళ్ళిచ్చింది. అంజలి వేళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. హాస్టల్ తెరిచారని అతను చెబితే తల ఊపి గుడ్డలు సర్దుకుంది. బస్సులో దారిపొడుగునా గాలి తగిలేట్టు రెండు చేతులూ కిటికీలో పెట్టుకుని కూర్చుంది. బీగం ఏం చెప్పిందో, తర్వాత ఏం జరిగిందో అతను మెల్లగా చెప్పాడు. ఆ పిల్ల బయటికే చూస్తూ వింది.

పుస్తకాల కోసం ఇద్దరూ ముందు ఇంటికే వచ్చారు. అంజలి తాళంచెవి పెట్టింది. పెట్టి, తిప్పకుండా ఆగిపోయింది.

"మామా, నువ్వు కొంచేపు అట్ల పక్కింటి రంగన్న కాడికి పోయిరా" అంది.

ఎందుకో అతనికి తెలుసు. చెప్పిన మనిషే, చెప్పిన మాటే మళ్ళీ చెప్పాలి. తను సిగ్గుపడాల్సింది పోయి, తన కోసం పన్నెండేళ్ళ పిల్ల సిగ్గుపడుతోంది.

"చెప్పుమ్మా. నేను ఈడనే ఉంటా" అన్నాడు.

అంజలి బీగానికి పెదవులు ఆనించింది. అతనికి వినపడకూడదని గొంతు ఎంత తగ్గించినా ప్రతి మాటా వినిపించింది. ఆయన ఈడనే ఉండాడు గదా అనేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. బీగం తెరుచుకుని ఆమె వాచిన చేతిలో పడింది.