మన బండే కదా!

పెయింట్ల షాపు అన్నయ్య తన పాత వ్యాన్‌ని మాకు వాయిదాల మీద అమ్మాడు. అమ్మినట్టు ఆయనకు గుర్తుండేది వాయిదా కట్టే ఒకటో తారీఖున మాత్రమే. మిగతా రోజుల్లో బండి ఆయనదే. "చివరి వాయిదా కట్టేదాకా రెండో తాళంచెవి నా దగ్గరుంటుంది చెల్లెమ్మా, భద్రంగా" అన్నాడు. మా ఆయన తలూపాడు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి, ఎవరేం చేసినా "పోనీలే" అంటాడు.

మేం లాడ్జీల దుప్పట్లు, దిండు గలేబులు ఉతికి ఇస్తాం. ఉతకడం ఆయన పని, ఇస్త్రీ నాది, బండి తోలడమూ నాదే. తోపుడు బండి రోజుల్లో మాకున్నది ఒక్క చిన్న లాడ్జీ. వ్యాన్ వచ్చాకే పెద్ద లాడ్జీ దొరికింది. వాయిదా కట్టేది ఆ డబ్బుతోనే.

షాపుకి సరుకు వచ్చినప్పుడల్లా అన్నయ్య చెప్పాపెట్టకుండా వ్యాన్ పట్టుకుపోయేవాడు. అడిగితే "మన బండే కదా చెల్లెమ్మా" అని నవ్వేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది! తిరిగొచ్చిన బండిలో డీజిల్ ఉండేది కాదు, రంగు మరకలుండేవి. ఓసారి తెల్ల దుప్పటికి పచ్చ రంగు అంటింది. ఇంకోసారి నేను లాడ్జీకి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. లాడ్జీ మేనేజర్ వేలు చూపించి మరీ చెప్పాడు: "ఇంకొక్కసారి పది దాటిందంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తానమ్మా." లాడ్జీ పోతే వాయిదా కట్టలేం. వాయిదా కట్టకపోతే వ్యాన్ పోతుంది. మళ్లీ తోపుడు బండే గతి.

వారం తిరక్కుండానే, మూటలు కట్టి బయటికొస్తే వాకిట్లో వ్యాన్ లేదు. ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తలేదు.

"పోనీలే, ఆటో ఏదైనా దొరుకుతుందేమో..." అన్నాడు మా ఆయన.

"ఇంకా ఎంతకని పోనిస్తావ్?" అని అరిచి, పక్క వీధిలో అన్నయ్య ఇంటికి పరిగెత్తాను.

ఇంటి ముందు కొత్త కారు. మా వాయిదాల డబ్బు కూడా కలిపి కొన్నదే. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. అందులో ఎక్కాలంటే కట్టుకున్న పెళ్లామైనా చెప్పులు విప్పాల్సిందే. వదిన గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్య నా బండి తీసుకుపోయాడు వదినా. పదింటికల్లా దుప్పట్లు చేరకపోతే నా పని అయిపోయినట్టే. కారు తాళం ఇస్తావా?"

వదిన నన్ను చూసింది, కారును చూసింది, లోపలికి వెళ్లింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో తాళముంది, కాళ్లకు చెప్పులున్నాయి.

"పద, నేనూ వస్తా."

డిక్కీ నిండింది, వెనక సీటు నిండింది. మూటల మధ్య మా ఆయన తల మాత్రమే కనిపించింది. వదిన ముందు సీట్లో, చెప్పులతోనే, దర్జాగా కూర్చుంది.

లాడ్జీ మెట్ల మీద మేనేజర్ గడియారం చూసుకుంటున్నాడు. కారును చూసి ఎవరో పెద్దమనుషులు దిగుతున్నారనుకుని గబగబా వచ్చి తలుపు తీశాడు. నేను దిగాను.

"దుప్పట్లండీ" అన్నాను. పది ఇంకా కాలేదు.

వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. నాకైతే సంతోషంతో ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేసరికి అన్నయ్య వీధిలోనే నిలబడి ఉన్నాడు. పక్కన మా వ్యాన్, దాన్నిండా రంగు డబ్బాలు.

"నా కారు! ఎవర్నడిగి తీశావ్?"

"మన బండే కదా అన్నయ్యా" అన్నాను.

ఇరుగుపొరుగు నలుగురూ ఘొల్లుమన్నారు. వదిన చెప్పులు టపటపలాడించుకుంటూ దిగింది. అన్నయ్య తేలు కుట్టిన దొంగలా దిక్కులు చూశాడు. నేను చెయ్యి చాపాను. జేబులోంచి రెండో తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టాడు.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నాడు. మళ్లీ పోనీలే అంటాడేమో అనుకున్నాను.

"డీజిల్ కూడా కొట్టించు బావా" అన్నాడు.

ఆ తర్వాత షాపుకి సరుకు వచ్చినప్పుడు అన్నయ్య ఫోన్ చేసి అడిగాడు. నా లాడ్జీ పని అయ్యాకే వెళ్లాను, నేనే తోలాను. ఒకటో తారీఖున ఆ సరుకు తోలిన కిరాయి కోసుకుని మిగతా వాయిదా ఆయన చేతిలో పెట్టాను. ఆయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

"సరిపోయాయా?" అని లోపల్నుంచి వదిన అడిగింది.

"సరిపోయాయి" అన్నాడు అన్నయ్య.